వెనుకకు తిరిగిన అల్లుడు

మొన్న కరీంనగర్‌ల కొత్తగ కట్టిన ఒక లాడ్జిల లిఫ్టెక్కిన. మా దిక్కు లిఫ్టంటే ఇంకా తమాషనే. పిల్లను చూడొచ్చినోళ్ళు కూడా ముందు లిఫ్టుల ఒకసారి ఎక్కి దిగి, పానం కుదుటవడ్డంక పిల్లను చూస్తరట. నేను పోవాల్సింది రెండో అంతస్తుకు. లిఫ్టు నడిపే పెద్దమనిషి గుబురు మీసాలతోని, మెడల మఫ్లరుతోని, బొగ్గురైలు నడిపేటోని లెక్క నిలవడి గుండీ దిక్కు వేలు చాపిండు. అంతల వెనుకనుంచి ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచిండ్రు. పిలిచినోళ్ళకు సగం ముఖం చూపెట్టి మాట్లాడుడు మా ఇంటి పద్ధతి కాదు. పూరాగ తిరిగిన. నా అసొంటి మనిషి పూరాగ తిరిగితే ఆ లిఫ్టుల మిగిలే జాగ ఎంత? ఆయన వేలు రెండును అందుకునేలోపలే నా మోచెయ్యి పోయి నాలుగుకు తగిలింది.

ఆ లిఫ్టు మొదట ఎవరు చెప్తే వాళ్ళ మాటనే వింటది. నేను దిగాల్సిన అంతస్తు జాలి తలుపుల సందుల్నుంచి నా ముందటనే కిందికి జారిపోయింది. పక్కన నిలవడ్డ ఒక పెద్దమ్మ వేములాడ రాజన్నకు కోడెను కడుతనని మొక్కింది. నాలుగు మీద ఆగేసరికి ఆమె ఇంకో కోడెను గుడ కలిపింది. కిందికొచ్చినంక లాడ్జి ఓనరు ఉరికొచ్చి మీసాలాయనను పట్టుకొని దులుపుతుండు. మిషన్ ఖరాబైతే చెప్పొద్దా, పెద్దమనుషులను ఎక్కడికో తీస్కపోయి దించుతవా అని.

నా మోచెయ్యే తగిలిందయ్యా, ఆయన తప్పేం లేదని నేను చెప్పిన. ఓనరు నవ్విండు. మీరు పేపర్ల రాసేటోళ్ళు సార్, ఏదన్నా తమాషనే చేస్తరు అన్నడు. మళ్ళ చెప్పిన. ఇంకా గట్టిగ నవ్విండు. మీసాలాయన గుడ నవ్వాల్సి వచ్చింది పాపం. జీవితంల ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్తే నమ్మేటోడు లేడు. మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తుంటే మా బావ యాదికొచ్చిండు. ఉంటే వేలు నా దిక్కు చాపి అడిగేటోడు: "మిషన్ చెప్పింది చేసింది. నువ్వేం చెప్పినవ్?"

పోయినేడాది పోయిండు. మా అక్క పెనిమిటి. చిన్న జెట్టు విమానం నడిపిండు.

చిన్నదంటే మరీ చిన్నది. మా బాపు దాన్ని మొదటిసారి చూసినప్పుడు, దీనికన్న మన పత్తి లారీ పెద్దగుంటది గదరా అన్నడు. విమానం ఒక సేటుది. ఆయనకు హైదరాబాద్‌ల కొన్ని, మా రామగుండం దిక్కు ఒకటి ఫ్యాక్టరీలుండె. ఆ ఫ్యాక్టరీ పక్కన రన్‌వే వేసుకున్నరు. విమానం వస్తుందంటే ఒక జీపు ముందుగాల పోయి రన్‌వే మీదున్న బర్లను పక్కకు కొట్టాలె. అండ్ల ఒక ముసలి బర్రె ఉండేది. దానికి విమానం రాక పైలట్ల కన్న ముందే తెలిసేది గాని, లేవాల్నా వద్దా అనేది మాత్రం అదే నిర్ణయించుకునేది.

మా బావ సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. గడియారం మణికట్టు లోపలి దిక్కు కట్టుకునేటోడు. మాట తక్కువ. కాని ఎదుటోళ్ళు చెప్పిన మాటను మాత్రం ఇడిచిపెట్టేటోడు కాదు. ఏం చెప్పినా వేలు చాపి, ఆ మాటను మళ్ళ మనకే అప్పజెప్పేటోడు. మొదటిసారి అది మాకు పెండ్లిపీటల మీద తెలిసింది. అయ్యగారు తాళి కట్టుమన్నడు. బావ తాళిని వేలితోని చూపెట్టి "తాళి కడుతున్న" అని చెప్పి కట్టిండు. ముడిముడికి చెప్పిండు. అయ్యగారికి మంత్రం తప్పింది. ఆడోళ్ళు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. మా అక్క తల వంచుకునే ఉన్నది గాని భుజాలు ఊగుతున్నయి. ఏడుస్తుందనుకొని మా అవ్వ గుడ ఏడ్చింది.

తర్వాత ఆయననే చెప్పిండు. విమానం ఎక్కుతున్నప్పుడు కిందినుంచి, ఇంత ఎత్తుకు పోయి ఆగు అని రేడియోల చెప్తరట. ఒక పైలటు గుండీ తిప్పి ఆ ఎత్తు నంబరు పెడతడు. ఇద్దరు పైలట్లూ ఆ నంబరును వేలితోని చూపెట్టి పైకి చదువుతరు. విన్న అంటే సరిపోదు. విన్నవని కాదు, ఏం విన్నవో చెప్పాలె. ఆకాశంల పక్కకు జరగడానికి గల్లీలుండయి బామ్మర్దీ, ఒకని మీద ఒకడు పోవుడే, ఎవరి ఎత్తు వాళ్ళది అన్నడు.

ఆ అలవాటు ఇంట్లకు వచ్చింది. అక్క సంచి ఇచ్చి, కిలో ఉల్లిగడ్డ, అద్దకిలో వంకాయ, ఒక కొత్తిమీర కట్ట అంటే, బావ వేలు సంచి దిక్కు చాపి మొత్తం మళ్ళ చదివేటోడు. అక్క "ఆఁ, గంతే" అంటే తప్ప గడప దాటేటోడు కాదు. వాళ్ళిద్దరికీ కొట్లాటలు నిలవకపోయేది ఇందుకే. కోపంతోని అక్క మాట్లాడకపోతే ఆయన సంచి పట్టుకొని గడపల్నే నిలవడేటోడు. వచ్చిపోయేటోళ్ళు చూస్తున్నరని అక్క పండ్లు కొరుక్కుంట "గంతే" అనాల్సి వచ్చేది. ఒక్కసారి నోరు తెరిచినంక మళ్ళ మూసుకునుడు మా ఇంటి ఆడోళ్ళకు చేతగాదు.

నాకు మాత్రం ఆయన యముడు. జాతరకు వెయ్యిమంది వచ్చిండ్రు బావా అంటే, వేలు నా దిక్కు చాపి "వెయ్యి మంది. కరెక్టేనా?" అనేటోడు. వందుంటరు అనేటోణ్ణి. "వంద. కరెక్టేనా?" ముప్పై అయితే పక్కా అనేటోణ్ణి. "ముప్పై" అని తృప్తిగ తలూపేటోడు. నేను ఎంత పైకి లేపిన కథనైనా ఆయన మెల్లగ, దెబ్బ తగలకుంట, భూమ్మీద దించేటోడు.

ఈ లేపుడు గుణం నాకు మా బాపు నుంచి వచ్చింది. భూములు తమ్ముళ్ళకు పోయినయి, నాకు ఇది వచ్చింది. బాపు జమ్మికుంట దిక్కు పెద్ద రైతు. పత్తి పండించిన దానికన్న పత్తి గురించి చెప్పింది ఎక్కువ. ఉన్నదున్నట్టు చెప్తే ఎదుటోణ్ణి చిన్న చేసినట్టని ఆయన నమ్మకం. అసొంటి మనిషికి విమానం నడిపే అల్లుడు దొరికితే ఇగ చెప్పేదేమున్నది? జమ్మికుంట పత్తి యార్డుల ఏ బండి ఎడ్లు తల పైకెత్తినా, అదిగో మా అల్లుడు పోతుండు అనేటోడు.

కాని ఒక్క విషయంల బాపు లేపుడు లేదు, దించుడు లేదు. మర్యాద. మా ఇంట్ల మామ పలికితే అల్లుడు కూసున్న కాడికెంచి జవాబియ్యొద్దు. లేవాలె. లేవరాకపోతే ముఖమన్న పూరాగ తిప్పాలె. మా పెద్దక్క పెనిమిటి, పెద్ద బావ, ఒకసారి బంతిల కూసొని తినుకుంట, వెనుకకు తిరగకుంటనే ఆఁ మామా అన్నడు. బాపు ఆయనతోని చాన్నాళ్ళు మాట్లాడలే. నేనైతే తరాలు అని రాసేటోణ్ణి. పైలటు బావ మీది గౌరవంతోని ఒక పత్తి పంట కాలం అని రాస్తున్న.

ఇగ ఆ మిషన్ సంగతి. ఆటోపైలట్ అంటరు. పెట్టిన ఎత్తుకు పోయి, ముక్కు దించి, సమంగ నడిపిస్తది. ఆ విమానంల అది ముందు కొంచెం మొండికేసేది. ఎత్తు పట్టుకున్నట్టే పట్టుకొని, తాగినోని లెక్క పైకి కిందికి ఊగేది. దాన్ని బాగుచేసింది హమీద్ భాయి. కరీంనగర్ మనిషి. బావకు, ఆయనకు దోస్తీ. రన్‌వే పక్కన జీపు బానెట్టు మీద సాసర్లు పెట్టుకొని ఇద్దరు చాయ తాగేటోళ్ళు. ఆయన బాగుచేసినంక ఊగుడు బందైంది. బావ అది నడిపి చూసొచ్చి, హమీద్ భాయి, మిషన్ ఇప్పుడు మా ఆవిడ కన్న మంచిగ వింటుందన్నడు. బావ జీవితంల వేసిన జోకు అదొక్కటే. అది గుడ అక్కకు చేరింది.

ఎనభైలల్ల ఒక చలికాలం పొద్దున. సేటు ఫ్యాక్టరీల దిగిండు. విమానం ఖాళీగ హైదరాబాద్ పోవాలె. మీ మామను తీస్కపో కెప్టెన్ అని సేటే అన్నడు. బాపు తెల్ల ధోతి, జరీ అంచు రుమాలు, చేతుల తమలపాకుల డబ్బాతోని వచ్చిండు. తోడు నేను. ముసలి బర్రె ఆ దినం లేసి పక్కకు నిలవడ్డది. బాపును చూసి లేసిందని ఆయన తర్వాత చాన్నాళ్ళు చెప్పుకున్నడు.

విమానంల పైలట్ల సీట్లకు, మాకు మధ్య తలుపు లేదు. పరదా, అది గుడ పక్కకు కట్టి ఉన్నది. బాపు సరిగ్గ బావ వెనుక సీట్ల కూసున్నడు. కూసున్నకాడినుంచే ఆయనకు నచ్చలే. అల్లుడు వెన్ను చూపెట్టి కూసున్నడు. నడిపేటోడు ముందుకే చూడాలె బాపూ అని నేను చెవుల చెప్పిన. "జీపు నడిపేటోడు గుడ జర తిరుగుతడు" అన్నడు.

లేచినం. మబ్బు లేదు. కింద మానేరు ఇసుక తెల్లగ మెరుస్తుంది. కిందినుంచి ఎత్తు చెప్పిండ్రు. బావ గుండీ తిప్పి నంబరు పెట్టిండు, ఇద్దరూ వేళ్ళు చూపెట్టి చదివిండ్రు. పక్క సీట్ల పైలటు కేరళ మనిషి. ఆయన తల వంచి రేడియోల ఎవరితోనో మాట్లాడుతుండు. బావకు ఒక అలవాటు: మిషన్ ఆ ఎత్తును గట్టిగ పట్టుకున్నదాకా గుండీ మీదికెంచి చెయ్యి తియ్యడు. జాగ్రత్త మనిషి.

బాపు కిటికీల నుంచి చూసి "అల్లుడా" అన్నడు. బావ ముందుకే చూసుకుంట, చెప్పండి మామా అన్నడు. బాపుకు అది జవాబు కాదు. మళ్ళ "అల్లుడా" అన్నడు. ఈసారి గొంతుల, మా పెద్ద బావ వెన్ను నాకు కనవడ్డది. బావకు గుడ కనవడ్డదో ఏమో, తిరిగిండు. పూరాగ తిరిగిండు, నడుము దాకా.

"గా తెల్లగ కనవడేది మన పత్తి యార్డేనా?"

"తెల్లగ కనవడేది మన యార్డే మామా" అని బావ ఎడమచేతి వేలు కిటికీ దిక్కు చాపి చెప్పిండు.

ఆ వేలు చూపెట్టాల్సింది ఎత్తును. చూపెట్టింది యార్డును. కుడిచెయ్యి గుండీ మీదనే ఉండె. మనిషి తిరిగితే చెయ్యి తిరగదా, చేతుల గుండీ తిరగదా? విమానం సరిగ్గ అప్పుడే ముక్కు దించుతుంది. మిషన్‌కు ఏదో కొత్త మాట వినవడ్డది. పట్టుకుంటున్న ఎత్తును ఇడిచిపెట్టి, ఎక్కుకుంట పోయింది.

పక్క పైలటు తలెత్తి ఇంగ్లీషుల, మలయాళంల ఒకేసారి అరిచిండు. బావ ముందుకు తిరిగి మిషన్‌ను ఆపేసి, చేతులతోని ముక్కు వంచిండు. మా కడుపులు కప్పుకు తగిలినయి. బాపు డబ్బా మూత తెరుచుకొని వక్కలు, సున్నం డబ్బా, లవంగాలు అన్నీ గాలిల లేచి, మా ముఖాల ముందట నిలవడి మమ్మల్ని చూసినయి. బాపు రుమాలు తలనుంచి మెల్లగ లేచింది. మా పైనుంచి ఒక పెద్ద విమానం పోయింది. దాని కడుపుకున్న మొలలు లెక్కవెట్టిన అని నేను ఎన్నోసార్లు చెప్పిన. బావ ఒక్కసారే సరిచేసిండు: "మొలలు కనవడలే. రెక్కల మీద రాత కనవడ్డది. అది కనవడుడే ఎక్కువ."

హైదరాబాద్‌ల విమానం ఆగినంక మేం దిగినం. బావ సీట్లనే కూసున్నడు. గుండీని చూస్తుండు.

మేం బస్సుల వాపసొచ్చినం. బాపు నోరు హైదరాబాద్ బస్టాండుల తెరుచుకున్నది. అక్కడ మిషన్ జర మొరాయించింది. సిద్దిపేటల చాయకు ఆగేసరికి మిషన్ మొత్తం ఇరిగి చేతులకొచ్చింది. హుస్నాబాద్‌ల అల్లుడు విమానాన్ని ఒంటిచేత్తోని పట్టుకున్నడు. హుజూరాబాద్‌ల రెండో చెయ్యి మామను పట్టుకున్నది. జమ్మికుంటల దిగేసరికి విమానానికి ఇంజన్లు లేవు, రెక్కలు లేవు. మా బావ ఉన్నడంతే. నేను పక్కన కూసొని, సున్నం డబ్బా గాలిల ఎట్ల తిరిగిందో చేతులతోని చూపెట్టిన. మంచిగ చూపెట్టిన, మంది బాగ నవ్విండ్రు.

పెద్ద విమానం పైలటు ఫిర్యాదు చేసిండు. విచారణ అయ్యేదాకా ఎక్కొద్దంటే బావ మా ఊరికొచ్చిండు. అందరొచ్చి ఆయన చేతులు పట్టుకొని చూస్తుండ్రు. ఆయన తల వంచుకునేటోడు. కాదని చెప్పాలంటే, మామ ఊర్ల, మామ అరుగు మీద, మామ అబద్ధమాడిండని చెప్పాలె. చెప్పలే. కాని మాట తిరిగి అప్పజెప్పుడు బందువెట్టిండు. అక్క సంచి ఇచ్చి చెప్తుంటే వినకుంటనే గడప దాటిండు. వంకాయలు తెమ్మంటే బెండకాయలు తెచ్చిండు. అక్క బెండకాయలు చాటల పోసుకొని, గీయనకేమైందిరా అని నన్నడిగింది.

బాపు దావత్ పెట్టిండు. పత్తి యార్డుల షామియానా, మైకు, గంగాళాల నిండ బగారన్నం. రైతుల పత్తి అమ్మిపెట్టే అడ్తి సావుకార్లు పత్తి బోరాల మీద కూసున్నరు. శాలువా బాపు చేతుల, బంతిపూల దండ నా చేతుల. అప్పుడే హమీద్ భాయి వచ్చిండు. కరీంనగర్ బస్సు దిగి నేరుగ వచ్చినట్టున్నడు, చెప్పులు దుమ్ము. బాపు ఎదురువోయి, రా భాయి, తిను అని కూసోవెట్టిండు. ఆయన కూసోలే. బావ దగ్గరికి వచ్చిండు. నేను పక్కనే ఉన్న.

"కెప్టెన్ సాబ్, ఒక్క మాట చెప్పాలె. ఆ రోజు మిషన్ ఎట్ల ఇడిచిపెట్టింది? ముందు ఊగిందా, ఒక్కసారే ఇడిచిందా? ఎంత సోచాయించినా నా చేతుల ఏం తప్పైందో సమజైతలేదు."

పనికి పోతలేవా అని బావ అడిగిండు.

"రావొద్దన్నరు సాబ్. మిషన్ ఖరాబైందని మీ మామ చెప్పిండటగదా, బాగుచేసింది నేనాయె. పని ఫికర్ కాదు. ఇంకో విమానంల గుడ గదే పని చేసిన. అది గుడ ఇడిచిపెడితే?"

బావ ఆయన ముఖం దిక్కు చూసిండు. అంతల మైకుల మా బావ పేరు పిలిచిండ్రు. పోయి నిలవడ్డడు. బాపు శాలువా కప్పిండు. చప్పట్లు. బావ మైకు పట్టుకున్నడు. పెండ్లినాడు తాళిని చూపెట్టినట్టే వేలు చాపిండు, హమీద్ భాయి దిక్కు.

"మిషన్ మంచిగనే ఉండె. హమీద్ భాయి పనిల తప్పు లేదు. ఎత్తు గుండీ నా చేతుల తిరిగింది. మిషన్ చెప్పింది చేసింది. చెప్పింది నేను."

యార్డుల ఎడ్ల గంటలు వినవడ్డయి. ఒక అడ్తి సావుకారి బోరా మీదినుంచే అడిగిండు: "గట్లెట్ల కెప్టెన్ సాబ్? ఉత్తగనే చెయ్యెట్ల తిరుగుతది?"

దీనికి జవాబు తెలిసినోళ్ళం అక్కడ ముగ్గురం ఉన్నం. ఒకడు మైకు ముందట. ఒకడు ఆయన పక్కన, శాలువా కప్పిన చేతులు ఇంకా దించకుంట. మూడోవాడు దండ పట్టుకొని. బావ మామ దిక్కు తిరగలే. ముందుకే చూసిండు.

"తిరగకూడదు. తిరిగిన" అన్నడు.

బాపు తమలపాకుల డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మూసిండు. నేను బంతిపూలు చూసుకున్న. బావ శాలువా తీసి, మడతవెట్టి, "శాలువా ఇస్తున్న మామా" అని బాపు చేతుల పెట్టిండు. ఆ దినం బగారన్నం గంగాళాలకు గంగాళాలు మిగిలిందని రాద్దామనుకున్న. మిగలలే. అందరు మంచిగనే తిన్నరు. మేం గుడ తిన్నం.

బావ అదే మాట సేటు ముందట గుడ చెప్పిండు. హమీద్ భాయిని మళ్ళ పనిల పెట్టుకున్నరు. బావను తీసేసిండ్రు. గుండీ తిప్పుకున్న పైలటును ఇంకెవరు పిలుస్తరు? మా చుట్టాలకు ఆదిలాబాద్‌ల జిన్నింగు మిల్లుండె. పత్తిల గింజలు తీసే మిల్లు. దాన్ని చూసుకొమ్మంటే పోయిండు. ఆకాశంల ఉన్న మనిషి, గాలి నిండ పత్తి దూది ఎగిరే కాడ, ముక్కుకు తువ్వాల కట్టుకొని నిలవడ్డడు. మా చుట్టాలల్ల కొందరు, అల్లుడు తప్పు చేసి బయటవడ్డడట అని మెల్లగ అనుకునేటోళ్ళు. మేం వినీ విననట్టుండేది. అదే సులువు.

కాని మాట తిరిగి అప్పజెప్పుడు వాపసొచ్చింది. మిల్లుల కూలోళ్ళల్ల మహారాష్ట్ర దిక్కునుంచి వచ్చినోళ్ళు ఎక్కువ. ఏం చెప్పినా "హో సాబ్" అనేటోళ్ళు. బావకు హో కుదరదు. వినవడ్డదా అంటే వినవడ్డది అన్నా కుదరదు. "వినవడ్డదని కాదు, ఏం వినవడ్డదో చెప్పు." కొన్నాళ్ళకు మిల్లంత వేళ్ళు చాపుడే. మిషన్ ఆపుతున్న, బెల్టు మారుస్తున్న, చాయకు పోతున్న. ఆయన మిల్లుల ఒక్కని చెయ్యి మిషన్ల పడలే. పోయినేడాది ఆయన పాడెను ఆ మిల్లోళ్ళే మోసిండ్రు. కాట్ల, చితి ముందట, అయ్యగారు ఎడమకు తిప్పుమంటే, అందరు ఒక్కసారే "ఎడమకు తిప్పుతున్నం" అన్నరు. నాకు నవ్వు, ఏడుపు గొంతుల ఒకదాని మీద ఒకటి వచ్చినయి. రెంటికీ ఎత్తు చెప్పేటోడు లేడు.

బాపు మారిండు. ఆ దావత్ తర్వాత విమానం కథ మళ్ళ చెప్పలే. ఎవరన్నా అడిగితే, అది పాత ముచ్చట అని లేసిపోయేటోడు. ఎడ్లబండి తోలేటోనితోని గుడ బండి ఆగినంకనే మాట్లాడేటోడు. బావ మాత్రం ఆయనను చూస్తే ఎప్పటిలెక్కనే లేసి నిలవడేటోడు. అది బాపుకు ఇంకా కష్టమయ్యేది.

చానా ఏండ్లకు, బాపు ఆఖరుసారి అక్కను చూడ్డానికి ఆదిలాబాద్ పోయిండు. నిర్మల్ దాకా బస్సుల వచ్చినం. బావ జీపు తీసుకొని ఎదురొచ్చిండు. మనుమరాలికని బాపు నిర్మల్ చెక్క పండ్ల డబ్బా కొన్నడు. అరటిపండు, మామిడిపండు, సీతాఫలం, అన్నీ నిజం పండ్ల కన్న మెరుస్తున్నయి. బాపు, నేను వెనుక కూసున్నం. బావ నడుపుతుండు. గుట్టల ఘాటు మొదలైంది. రోడ్డు అడుగడుగుకు తిరుగుడే. పక్కన లోయ, టేకు చెట్ల తలలు.

బాపు "అల్లుడా" అన్నడు.

బావ కండ్లు రోడ్డు మీదనే పెట్టి, చెప్పండి మామా అన్నడు. తిరగలే.

బాపు చెక్క పండ్ల డబ్బా తీసి నా ఒళ్ళె పెట్టిండు. తర్వాత "బండి ఆపు" అన్నడు.

"బండి ఆపుతున్న." ఒక మలుపు దాటి ఓరకు ఆపిండు.

బాపు మోకాలు పట్టుకొని దిగిండు. చెయ్యి ఇయ్యవోతే వద్దన్నడు. జీపు ముందటనుంచి, బానెట్టు మీద చెయ్యి ఆనిచ్చుకుంట, మెల్లగ చుట్టు తిరిగి వచ్చి ముందు సీటెక్కిండు. ఎవరి కాడికీ లేసి పోని మనిషి. బావ పక్కన సర్దుకొని కూసొని, రుమాలు సరిచేసుకున్నడు.

"ఇప్పుడు నడుపు."

"నడుపుతున్న."

రెండు మూడు మలుపులు దాటినయి. బాపు గుడ బావ దిక్కు చూడలే. ఆయన గుడ రోడ్డునే చూస్తుండు.

"ఆనాడు నిన్ను తిప్పింది నేను. యార్డు కోసం పిలిచింది నేను. దావత్‌ల మైకు ముందట ఆ మాట చెప్పాల్సింది గుడ నేనే. చెప్పలే. నీ విమానం నేనే గుంజుకున్న."

స్టీరింగు మీదికెంచి బావ వేలు లేచింది. నేను వెనుకనుంచి చూస్తున్న. తాళి దగ్గర లేచిన వేలు, సంచి దగ్గర, మిల్లుల, నా ప్రతి అబద్ధం ముందట లేచిన వేలు. ఇగ మాట మొత్తం తిరిగి అప్పజెప్తడనుకున్న. బాపు గుడ అదే అనుకున్నట్టున్నడు. వినడానికి సిద్ధమై మెడ నిక్కబెట్టిండు.

వేలు సగం దాకా లేచి ఆగింది. చెయ్యి కిందికి దిగి గేరు మార్చింది.

బాపు "వినవడ్డదా అల్లుడా?" అన్నడు.

"వినవడ్డది మామా" అన్నడు బావ. అంతే. ఏం వినవడ్డదో చెప్పలే.

వెనుక సీట్ల, చెక్క పండ్ల డబ్బా ఒళ్ళె పెట్టుకొని, నేనొక్కణ్ణే మిగిలిన. ఆనాడు యార్డుల బంతిపూల దండ పట్టుకొని నిలవడ్డది నేను గుడ గదా. నేను గుడ ఒక మాట అందామని గొంతు సవరించుకున్న. ముందు సీట్ల వాళ్ళిద్దరూ ముందుకే చూస్తుండ్రు, ఎవ్వరూ తిరగలే. ఏ మాటతోని మొదలుపెట్టాల్నో, ఎంత పెద్దగ చెప్పాల్నో, ఎంత చిన్నగ చెప్పాల్నో చూసుకునేలోపల ఘాటు ఒడిసి, చక్కటి రోడ్డొచ్చింది.